అచ్చురంగుల కథ

కొన్నినాళ్ల క్రిందట మేము ఒక సంచికకు ముఖపత్రమును కంప్యూటరు తెరపై కూర్చితిమి. పసుపు పూసిన గడప, దానిపై వరుసగా కుంకుమబొట్లు – ఇంతే చిత్రము. తెరపై అది పండుగనాటి ఉదయమువలె వెలిగెను. అచ్చయి వచ్చిన కాగితముపై మాత్రము పసుపు మట్టిరంగుగను, కుంకుమ ఇటుకపొడిగను మారెను. ముందు సిరాను నిందించితిమి. పిమ్మట కాగితమును నిందించితిమి. తుదకు విచారింపగా తప్పు మాదే యని తేలినది. రంగులను మార్చు పనిని పుటలు కూర్చు సాఫ్టువేరు ఒకసారి చేసెను. ప్రింటరును నడపు డ్రైవరు మరల చేసెను. ఒకే కూరలో ఇద్దరు ఉప్పు వేసినట్లయినది.

ఈ చిన్న పొరపాటు వెనుక మూడువందల యేండ్ల చరిత్ర కలదు.

సూర్యకాంతిలోని వర్ణములనుగూర్చి న్యూటను తన గ్రంథమును 1704లో ప్రకటించెను. ఆ కాలముననే, 1667లో ఫ్రాంక్‌ఫర్టున జన్మించిన లెబ్లాన్ అను చిత్రకారుడు రంగుల అచ్చుపనికి పూనుకొనెను. నీలము, పసుపు, ఎఱుపు – ఈ మూడు రంగులకు మూడు రాగిరేకులు చెక్కి, వానిని ఒకే కాగితముపై ఒకదాని వెంట నొకటి అద్దినచో తక్కిన వర్ణములన్నియు పుట్టునని ఆయన కనుగొనెను. 1719లో ఇంగ్లండున దానికి పేటెంటు పొందెను. గొప్ప చిత్రముల ప్రతులను సామాన్యుల ఇండ్లకు చేర్చవలెనని నెలకొల్పిన సంస్థ కొలది యేండ్లకే మూతపడెను. 1741లో ఆయన పారిసున మరణించెను.

అయినను, 1725 ప్రాంతమున వెలువడిన తన పుస్తకములో లెబ్లాన్ ఒక గొప్ప భేదమును గుర్తించెను. వెలుగులోని వర్ణములన్నియు కలిసినచో తెలుపగును. చేతికంటు వర్ణద్రవ్యములన్నియు కలిసినచో నలుపగును. నేటి తెర మొదటి త్రోవను పోవును. కాగితము రెండవ త్రోవను పోవును. మా గడప చిత్రము ఈ రెండు త్రోవల నడుమ చిక్కుకొనినది.

ఈ రెండు త్రోవలను పందొమ్మిదవ శతాబ్ది శాస్త్రజ్ఞులు స్పష్టపఱచిరి. 1861లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మాక్స్‌వెల్ ఒక రంగుల పట్టీ చిత్రమును ప్రదర్శించెను. ఎఱ్ఱని, ఆకుపచ్చని, నీలి వడపోతల గుండ తీసిన మూడు ఛాయాచిత్రములను తెరపై ఒకదానిపై నొకటి వెలుగుగా పడవేసెను. ఇది వెలుగు త్రోవ. ఫ్రాన్సుదేశీయుడు డ్యుకో ద్యు హోరాన్ 1868లో సిరా త్రోవను చూపెను. ఎఱ్ఱని వెలుగును మ్రింగు ఆకాశనీలము, ఆకుపచ్చను మ్రింగు గులాబీ ఎఱుపు, నీలమును మ్రింగు పసుపు – ఇవియే ఆ త్రోవలోని మూడు రంగులు. వీనికి నలుపు చేరగా నేటి నాలుగు రంగుల అచ్చు ఏర్పడినది.

మన దేశమున రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయమును నెలకొల్పెను. అచట ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి. ఏ రాతిపై ఏ రంగు ఎంత ఉండవలెనో పనివాని కన్నే నిర్ణయించెడిది. అట్లు వెలువడిన లక్ష్మీ సరస్వతుల పటములు తెలుగు ఇండ్ల పూజగదులకును చేరినవి. కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్ చుక్కలతో ఛాయలు కల్పించు హాఫ్‌టోను విధానమునకు గణితమును జోడించి, లండనులోని పెన్‌రోజ్ వార్షిక సంచికలో వ్యాసములు వ్రాసెను.

అయినను, ఒకరు ఎఱుపన్నది మఱియొకరికి అదే ఎఱుపని చెప్పుటకు కొలబద్ద ఏది? లెబ్లాన్ లెక్క ఆయన కంటిలోను, చేతిలోను ఉండెను. దానిని అంకెలలో పరులకు అందించు సాధనము లేకపోయెను. ఆ కొఱత 1931లో తీఱెను. ఇంగ్లండులో రైట్ పదిమంది కన్నులను, గిల్డ్ ఏడుగురి కన్నులను పరీక్షించిరి. ఆ పదునేడుగురి చూపు ఆధారముగా అంతర్జాతీయ కాంతి సంఘము వర్ణములకు అంకెలు నిర్ణయించెను.

1985లో పేజ్‌మేకరు వెలువడుటతో పుటలు కూర్చు పని మేజాబల్లపైకి వచ్చెను. రంగులను విడదీయు నిపుణుని పని క్రమముగా మనబోంట్ల చేతికి దిగెను. కాని ప్రతి తెరకును, ప్రతి ప్రింటరుకును తన స్వభావము కలదు. 1993లో ఎనిమిది సంస్థలు కూడి అంతర్జాతీయ వర్ణ సంఘముగా ఏర్పడి, ప్రతి యంత్రమునకు ప్రొఫైలు అను గుణపత్రమును నిర్దేశించినవి. ఈ యంత్రము ఈ అంకె నిచ్చినచో ఈ వర్ణము నిచ్చునని అది తెలుపును. ఒక యంత్రపు రంగును మఱియొక యంత్రమునకు మార్చునపుడు నడుమ నిలుచు దుబాసి 1931నాటి కొలబద్దనుండి పుట్టిన అంకెలే.

కావున అచ్చువేయువారు మూడు సంగతులు మఱువరాదు. మొదటిది: మార్చు పని ఒక్కరిదే కావలెను. సాఫ్టువేరునకు అప్పగించినచో డ్రైవరులోని వర్ణ సవరణను ఆపవలెను. ప్రింటరునకు అప్పగించినచో సాఫ్టువేరు ఊరకుండవలెను. రెండవది: ప్రొఫైలు ప్రింటరునకే కాదు, కాగితమునకును తగియుండవలెను, నిగనిగలాడు కాగితము త్రాగు సిరా వేఱు, వార్తాపత్రిక కాగితము త్రాగు సిరా వేఱు. మూడవది: తెరపై మెఱయు చిలుకపచ్చవంటి కొన్ని రంగులు నాలుగు సిరాలకు అందవు, ముందుగా నమూనా తీసి చూచుకొనుట మంచిది.

మేము డ్రైవరు సవరణను ఆపి, కాగితమునకు తగిన ప్రొఫైలును ఎన్నుకొని, ముఖపత్రమును మరల అచ్చువేయించితిమి. కుంకుమ కుంకుమయే అయినది. తెరపైని వెలుగు మాత్రము కాగితముపైకి రాలేదు. అది వచ్చునది కాదని లెబ్లాన్ మూడువందల యేండ్ల క్రిందటనే చెప్పియున్నాడు. కాని పసుపు గడపను చూచిన మా ఇంటి పెద్దలు, ఇది ఏ పండుగనాటి గడప యని అడిగిరి. మాకు అది చాలును.