స్నేహితుల పుస్తకం: విట్టెన్‌బర్గ్ నుంచి మన పదో తరగతి దాకా

పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయంటే మన బడిలో ఆటోగ్రాఫ్ పుస్తకాలు బయటికి వచ్చేవి. అరచేతిలో పట్టేంత పుస్తకం, లోపల గులాబీ, పసుపు, లేత ఆకుపచ్చ రంగుల కాగితాలు. మొదటి పేజీ హెడ్మాస్టరు గారికి, తర్వాతి పేజీలు మాష్టార్లకు, టీచర్లకు వదిలిపెట్టి, ఆ తర్వాతే స్నేహితుల చేతికి ఇచ్చేవాళ్ళం. ఆ వరస ఎవరు పెట్టారో మనం అడగలేదు. ఇప్పుడు స్వర్ణోత్సవం సందర్భంగా ప్రతి బ్యాచ్ ఒక స్నేహాల స్క్రాప్ బుక్ తయారు చేయాలన్న మాట వచ్చింది కాబట్టి, ఆ అలవాటు ఎక్కడ పుట్టిందో చెప్పుకోవడానికి ఇది మంచి సమయం.

16వ శతాబ్దం మధ్యలో జర్మనీలోని విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఈ ఆచారం మొదలైంది. మార్టిన్ లూథర్, ఫిలిప్ మెలాంక్తన్ పాఠాలు చెప్పిన చోటు అది. చదువు ముగించి వెళ్ళిపోయే విద్యార్థులు గురువుల చేత, తోటివాళ్ళ చేత నాలుగు మాటలు రాయించుకునేవారు. మొదట్లో ఇందుకు వేరే పుస్తకం ఉండేది కాదు. అచ్చు పుస్తకంలోనే మధ్యమధ్య తెల్ల కాగితాలు చేర్చి కుట్టించుకునేవారు. లాటిన్‌లో దీని పేరు 'ఆల్బమ్ అమికోరమ్', అంటే స్నేహితుల పుస్తకం. ఒక సూక్తి, మిత్రుడికి రెండు మాటలు, సంతకం, ఊరు, తేదీ. ఇదీ పేజీ పద్ధతి. కలిగినవాళ్ళు తమ వంశ చిహ్నం బొమ్మ కూడా వేయించేవారు. హోదా గలవారికి ముందు పేజీలు వదలడం అప్పటి మర్యాదే.

ఈ పుస్తకాల వల్ల మూడు ప్రయోజనాలున్నాయని మెలాంక్తన్ అన్నట్టు చెబుతారు: రాసిన మనిషి గుర్తుంటాడు, అతను చెప్పిన మంచి మాట గుర్తుంటుంది, అతని జీవితానికి సంబంధించిన ఒక ఆధారం మిగులుతుంది. మూడోది మనం తేలిగ్గా తీసుకుంటాం. కానీ చరిత్రకారులకు పనికొచ్చింది అదే. ఏ సంవత్సరంలో ఎవరు ఏ ఊళ్ళో ఉన్నారు, ఎవరికి ఎవరితో పరిచయం అన్నది చాలాసార్లు ఈ పుస్తకాల్లోని ఊరు, తేదీ చూసే తెలుస్తోంది.

సంగీతకారుడు బీథోవెన్ 1792లో సొంత ఊరు బాన్ విడిచి వియన్నా బయలుదేరినప్పుడు అతనికి 21 ఏళ్ళు. మిత్రులు అతనికి ఇలాంటి పుస్తకమే రాసిచ్చారు. హైడన్ దగ్గర చదువుకోబోతున్న ఆ కుర్రాడికి మోజార్ట్ ప్రతిభ అబ్బుతుందని వాల్డ్‌స్టైన్ ప్రభువు అందులో ఆశీర్వదించాడు. అప్పటికి బీథోవెన్ గొప్పవాడని లోకానికి తెలియదు. ఊరి స్నేహితులకు తెలుసు. ఆ పుస్తకం ఇప్పుడు వియన్నాలోని జాతీయ గ్రంథాలయంలో ఉంది.

సంతకాల కోసమే పోగుచేసిన పుస్తకాలూ ఉన్నాయి. ఆగ్స్‌బర్గ్ నగరానికి చెందిన ఫిలిప్ హైన్‌హోఫర్ అనే కళావస్తువుల వ్యాపారి రాజుల, రాకుమారుల పేజీలతో పెద్ద ఆల్బమ్ తయారు చేశాడు. అతను పోయాక ఆగస్ట్ అనే ప్రభువు దాన్ని కొనాలని చూశాడు, కుదరలేదు. చివరికి ఆ ప్రభువు పేరుతోనే ఉన్న గ్రంథాలయం 2020లో సుమారు 28 లక్షల యూరోలు పెట్టి కొన్నది.

నా దృష్టిలో అంతకంటే విలువైనది అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉంది. ఏమీ మటిల్డా కేసీ అనే నల్లజాతి మహిళ ఆల్బమ్ అది. 1833 నుంచి 1856 వరకు మిత్రులు అందులో రాశారు. బానిసత్వం ఇంకా చట్టబద్ధంగా ఉన్న దేశంలో, నల్లవారికి అక్షరం నేర్పడమే కొన్ని రాష్ట్రాల్లో నేరమైన రోజుల్లో, ఆ పేజీల్లో చక్కని దస్తూరి, రంగుల పూలు, వ్యాసాలు, కవితలు కనిపిస్తాయి. సారా మాప్స్ డగ్లస్ అనే ఉపాధ్యాయురాలు బొమ్మలు వేసింది. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ కూడా ఒక పేజీ రాశాడు. మేమూ ఉన్నామని, మాకూ స్నేహితులున్నారని ఆ పుస్తకం సాక్ష్యం చెబుతోంది.

19వ శతాబ్దంలో రంగుల అచ్చు చౌకయ్యాక రాతతో పాటు అతికించడం పెరిగింది. రచయిత మార్క్ ట్వేన్ 1873లో ముందే జిగురు పూసిన స్క్రాప్ బుక్‌కు పేటెంట్ తీసుకున్నాడు. తడి చేసి అతికిస్తే చాలు. మన దేశంలోనూ ఆటోగ్రాఫ్ మోజు తక్కువేం కాదు. గాంధీగారు సంతకానికి 5 రూపాయలు హరిజన నిధికి వసూలు చేసేవారు. మన తర్వాతి బ్యాచ్‌ల నాటికి ఆటోగ్రాఫ్ పుస్తకం పోయి, ఇష్టమైన హీరో ఎవరు, ఇష్టమైన రంగేమిటి అని అచ్చు ప్రశ్నలతో స్లామ్ బుక్ వచ్చింది.

ఇంత చరిత్రలోనూ ఒక లోటుంది. స్నేహితుల పుస్తకం వీడ్కోలు రోజున పుడుతుంది. అందుకే వీడ్కోలు దాకా నిలిచినవాళ్ళే అందులో ఉంటారు. మా క్లాసులో ఒక మిత్రుడు ఎనిమిది సగంలో బడి మానేసి తండ్రి వెంట లారీ షెడ్డులో పనికి వెళ్ళిపోయాడు. సైకిల్ చక్రం విప్పి, బేరింగు గుళ్ళు కడిగి, గ్రీజు పెట్టి బిగించడం నాకు నేర్పింది వాడే. నేను నేర్చుకున్న మొదటి ఇంజనీరింగ్ పాఠం అది. వాడి పేరు ఎవరి ఆటోగ్రాఫ్ పుస్తకంలోనూ లేదు, గ్రూప్ ఫొటోలోనూ లేదు. ఏడో తరగతి తర్వాత పెళ్ళి చేసి పంపేసిన ఆడపిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. పుస్తకం కొనడానికి డబ్బుల్లేక, అడిగినవాళ్ళ పుస్తకాల్లో రాసి ఊరుకున్నవాళ్ళూ ఉన్నారు.

కాబట్టి ఈసారి తయారుచేసే పుస్తకాల్లో ముందు పేజీలు పదో తరగతి దాకా రానివాళ్ళకు వదులుదామని నా మనవి. హెడ్మాస్టరు గారి అనుమతితో అడ్మిషన్ రిజిస్టరు చూస్తే పేర్లు దొరుకుతాయి. మన మాష్టార్లకు, టీచర్లకు రిజిస్టరులో లేనివి కూడా గుర్తుంటాయి. వారిని కూర్చోబెట్టి అడగాలి.

ఇక పని సంగతి. చౌక కాగితంలో ఆమ్లం ఉంటుంది, కొన్నేళ్ళకే పచ్చబడి పెళుసవుతుంది. ఆమ్లరహిత కాగితం కొనండి. సెల్లోటేపు వద్దు, దాని జిగురు గోధుమరంగు మరకై ఫొటోలోకి ఇంకుతుంది. ఫొటో నాలుగు మూలలూ కాగితపు మూలల్లో దూర్చితే ఎప్పుడైనా తీసి చూసుకోవచ్చు. ఫొటో వెనక మెత్తని పెన్సిలుతో ఎడమ నుంచి కుడికి పేర్లు, తరగతి, సంవత్సరం రాయండి. పూలు, రిబ్బన్లు ఎన్ని అతికించినా పేర్లు లేని ఫొటో ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పదు.

ఎవరి గురించైనా ఏమీ దొరక్కపోతే పేరు, చదివిన తరగతి రాసి పేజీ ఖాళీగా ఉంచండి. పుస్తకాన్ని సమావేశం రోజున బల్ల మీద పెడదాం, పక్కన ఒక పెన్సిలు కూడా. వాళ్ళతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఎవరో ఒకరు వచ్చి రాస్తారు.