బాలింత సంరక్షణ (రాయ్‌పూర్)

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ పురుడయ్యాక తల్లీబిడ్డలకు అందే సంరక్షణలో ఇంటి ఆచారాలు, ప్రభుత్వ వైద్యసేవలు కలిసి సాగుతాయి.

సంప్రదాయం: మంత్రసానిని ఇక్కడ సుయిన్ దాయి అంటారు. నూనె మర్దన, వేన్నీళ్ల స్నానం, విశ్రాంతి ఈ సంరక్షణలో ప్రధానం. మూలికలు మరిగించిన ‘కాంకే పానీ’ని బాలింతకు తాగిస్తారు. శొంఠి, బెల్లం, నెయ్యితో చేసిన లడ్డూలు పెడతారు. ఆరో రోజున జరిగే వేడుక ఛట్ఠీ. ఆ సందర్భంగా స్త్రీలు సోహర్ పాటలు పాడతారు. తెలుగు ఇళ్లలో బాలింతకు పెట్టే కాయం, కొరియాలో 21 రోజుల ‘సమ్‌చిరిల్’ పాటింపు, సముద్రపు నాచు పులుసు ఇలాంటివే. ఒంటికి వెచ్చదనం, బలం ఇవ్వాలన్నదే అన్నిచోట్లా ఉద్దేశం.

ప్రభుత్వ సేవలు: రాష్ట్రంలో 2002లో మితానిన్ (స్థానిక మహిళా ఆరోగ్య కార్యకర్త) కార్యక్రమం మొదలైంది. 2005లో దేశమంతటా ఆశా వ్యవస్థ ఏర్పడడానికి ఇదొక ఆదర్శం. మితానిన్‌లు ప్రసవం తర్వాత 42వ రోజు వరకు ఇంటికి వచ్చి తల్లీబిడ్డలను చూస్తారు. 2011 నాటి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో సాధారణ కాన్పయితే 3 రోజులు, సిజేరియన్ అయితే 7 రోజులు ఉచిత భోజనం అందుతుంది.

జాగ్రత్తలు: పుట్టిన గంటలోపే బిడ్డకు ముర్రుపాలు పట్టాలి. తల్లి 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలి. కఠిన పథ్యం రక్తహీనతను పెంచుతుంది. అధిక రక్తస్రావం, జ్వరం, ఫిట్స్ కనిపిస్తే తక్షణం ఆసుపత్రికి చేర్చడం ప్రాణరక్షణకు అత్యవసరం.