పిళ్ళయార్‌పట్టి నుంచి హవాయి దాకా: ఒక స్థపతి కథ

ఈసారి ఒక మాటతో మొదలుపెడతాను: స్థపతి.

శిల్పి అంటే రాయి చెక్కే మనిషి. స్థపతి అంటే గుడి మొత్తానికి కొలతలు వేసి, ఏ రాయి ఎక్కడ ఉండాలో చెప్పి, శిల్పులందరి చేత పని చేయించే మనిషి. ఇంగ్లీషులో ఆర్కిటెక్ట్ అనేస్తాం. కానీ ఆర్కిటెక్ట్‌కి ఉలి పట్టడం రాకపోయినా ఫరవాలేదు, స్థపతికి రావాలి.

నేను గుడిలో వాలంటీరుగా పని చేస్తాను. పిల్లలు గోపురం చూసి "ఇది ఎవరు కట్టారు?" అని అడుగుతారు. గోడ మీద దాతల పేర్లు ఉంటాయి కాబట్టి అవి చదివి చెబుతాం. స్థపతి పేరు మాత్రం చాలామందికి తెలియదు. అందుకే ఒక స్థపతి గురించి రాస్తున్నాను. ఆయన పేరు వి. గణపతి స్థపతి.

ఇక్కడ ఒక జాగ్రత్త. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో ఉన్న బుద్ధ విగ్రహం చేయించినది కూడా గణపతి స్థపతే. అయితే ఆయన వేరు, ఎస్. ఎం. గణపతి స్థపతి. ఇద్దరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళే కావడంతో చాలామంది ఇద్దరినీ ఒకరే అనుకుంటారు.

మన గణపతి స్థపతి 1927లో పుట్టారు. ఊరు పిళ్ళయార్‌పట్టి, కారైకుడి దగ్గర చిన్న ఊరు. తమిళంలో పిళ్ళయార్ అంటే వినాయకుడు. కొండను తొలిచి కట్టిన పాత వినాయకుడి గుడి ఆ ఊళ్ళో ఉంది. తండ్రి వైద్యనాథ స్థపతి. ఇంట్లో తరతరాలుగా ఇదే పని. గణపతి గారు తండ్రి దగ్గర పని నేర్చుకున్నారు, కాలేజీలో గణితం కూడా చదివారు.

పాత పద్ధతిలో ఈ విద్య తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. కొడుకు వేరే ఉద్యోగానికి వెళ్ళిపోతే ఆ ఇంట్లో విద్య ఆగిపోయేది. 1957లో ప్రభుత్వం మామల్లపురంలో శిల్పం నేర్పే ఒక బడి మొదలుపెట్టింది. దాన్ని మొదట వైద్యనాథ స్థపతి నడిపారు. తండ్రి తరవాత కొడుకు ఆ బాధ్యత తీసుకుని 1988 దాకా నడిపారు. అక్కడ క్లాసులు, సిలబస్, పరీక్షలు ఉండేవి. శిల్పుల ఇంట్లో పుట్టనివాళ్ళు కూడా చేరి నేర్చుకోవచ్చు. ఇంటి విద్య బడి విద్య అయింది. నా ఉద్దేశంలో ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. దీని ఫలితం సముద్రం దాటాక కనిపించింది.

ఇండియాలో ఆయన పని చాలామంది ఫోటోల్లో చూసే ఉంటారు. కన్యాకుమారి దగ్గర సముద్రంలో నిలబడి ఉన్న తిరువళ్ళువర్ విగ్రహం ఆయనదే. పీఠంతో కలిపి ఎత్తు 133 అడుగులు. తిరుక్కురళ్‌లో 133 అధ్యాయాలు ఉన్నాయి, అందుకే ఆ లెక్క. 2000 జనవరి 1న ఆవిష్కరించారు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినా విగ్రహం నిలబడింది.

ఇప్పుడు అమెరికాకి వద్దాం. హవాయిలో కవాయి అనే దీవి ఉంది. అక్కడ ఒక శైవ మఠం ఉంది. దాన్ని స్థాపించినవారు శివాయ సుబ్రమునియస్వామి, కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో పుట్టిన అమెరికన్. ఆయన పుట్టింది కూడా 1927లోనే. పూర్తిగా నల్లరాతి గుళ్ళలాగే రాయి మీద రాయి పెట్టి, కానీ తెల్ల గ్రానైటుతో ఒక శివాలయం కట్టాలని ఆయన కోరిక. దాని పేరు ఇరైవన్ కోవెల. ప్లాను వేసింది గణపతి స్థపతి.

కవాయిలో రాయి చెక్కే శిల్పులు లేరు. అందుకని 1990లో బెంగుళూరు దగ్గర శిల్పుల కోసం ఒక చిన్న ఊరే పెట్టారు. సుమారు 3,200 రాళ్ళు. మెషీన్లతో కాకుండా ఉలి, సుత్తితో చేత్తో చెక్కారు. చెక్కిన రాళ్ళు ఓడ మీద వచ్చాయి. ఇండియా నుంచి శిల్పులు కూడా వచ్చి వాటిని ఒకదాని మీద ఒకటి అమర్చారు.

మరి పునాది? దాన్ని ఓడలో తీసుకురాలేం కదా. ఇక్కడ రెండు విద్యలు కలవాల్సి వచ్చింది. గుడి వెయ్యేళ్ళు నిలవాలని అడిగారు. ఈ రోజుల్లో కాంక్రీటు అంటే లోపల ఇనుప కడ్డీలు వేస్తారు. ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. వందేళ్ళ బిల్డింగుకి సరేగానీ వెయ్యేళ్ళకి కుదరదు. బర్క్‌లీలో ప్రొఫెసర్ పి. కుమార్ మెహతా ఇనుము లేకుండా పునాది తయారుచేశారు. సిమెంటు సగం కన్నా ఎక్కువ తగ్గించి, దాని బదులు బొగ్గు కాల్చగా వచ్చే సన్నని బూడిద కలిపారు. అప్పుడు కాంక్రీటు నెమ్మదిగా గట్టిపడుతుంది, వేడి తక్కువ పుడుతుంది, పగుళ్ళు రావు. పునాది పొడవు 117 అడుగులు, వెడల్పు 56 అడుగులు. 1999లో పోశారు. ఇనుము వద్దు అన్నది పాత శాస్త్రం. ఎలా వద్దో లెక్క కట్టి చూపించింది కొత్త శాస్త్రం.

మా జెర్సీ సిటీ వాళ్ళకి ఇది అర్థం కావడానికి ఒక ఉదాహరణ కళ్ళ ముందే ఉంది. లిబర్టీ స్టేట్ పార్కులో నిలబడితే లిబర్టీ విగ్రహం వీపు కనిపిస్తుంది. దాన్ని చేసిన బార్తోల్డీ కూడా కోల్మార్ అనే చిన్న ఊరివాడే. విగ్రహం పారిస్‌లో తయారై, 350 ముక్కలుగా, 214 పెట్టెల్లో 1885లో ఇక్కడికి వచ్చింది. కింద పీఠం మాత్రం అమెరికన్ ఆర్కిటెక్ట్ రిచర్డ్ మోరిస్ హంట్ గీసినది. అంటే పైది అక్కడిది, కిందది ఇక్కడిది. కవాయిలోనూ అంతే.

గణపతి గారి మాటలన్నీ అందరూ ఒప్పుకోలేదు. మెక్సికోలో మాయా ప్రజల కట్టడాలు చూసి, వాటికీ మన మయుడికీ సంబంధం ఉందని ఆయన నమ్మారు. మయుడు అంటే మనకు తెలుసు, భారతంలో మయసభ కట్టినవాడు. చరిత్రకారులు ఈ సంబంధాన్ని ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. పేర్లు ఒకేలా వినిపిస్తే చాలదు. అయితే ఆయన కట్టిన గుళ్ళు నిలబడడానికి ఆ సిద్ధాంతం అవసరం లేదు, కొలతలు చాలు.

2009లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. 2011 సెప్టెంబరులో చనిపోయారు. గుడి కావాలన్న స్వామి అంతకు పదేళ్ళ ముందు, 2001లోనే వెళ్ళిపోయారు. ఇరైవన్ కోవెల కుంభాభిషేకం 2023 మార్చిలో జరిగింది. అడిగినవారూ చూడలేదు, ప్లాను వేసినవారూ చూడలేదు. అయినా పని ఆగలేదు. ఆ విద్య ఒక్క మనిషి చేతిలోనే ఉండి ఉంటే 2011లో ఆగిపోయేది.

మనలో చాలామందికి తెలుగు ఇంట్లో పూర్తిగా అందలేదు. నేను ఇంగ్లీషు మీడియంలో చదివి, ఈ వయసులో పుస్తకం పెట్టుకుని నేర్చుకుంటున్నాను. అందుకే మామల్లపురం బడి నాకు అంత ముఖ్యంగా అనిపిస్తుంది.

ఒక చిన్న పని చెబుతాను. మీ ఊరి గుడికి స్థపతి ఎవరో ఆఫీసులో అడిగి తెలుసుకోండి. తెలిస్తే దాతల పేర్ల పక్కనే ఆ పేరు కూడా రాయించమని అడగండి. తెలుగులో రాయిస్తే ఇంకా సంతోషం, పిల్లలకి చదవడానికి ఒక మంచి మాట దొరుకుతుంది.