ఒక దుస్సంధి చరిత్ర

ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పుకొని బ్రతికినవాణ్ణి. జీవశాస్త్రం నా విషయం కాదు. అయినా కోటబొమ్మాళిలో నా దగ్గర పదవ తరగతి చదివిన ఒక శిష్యుని మూలంగా ‘ఏబుల్’ అనే జన్యువు చరిత్ర తెలుసుకోవలసి వచ్చింది. తెలిసినంత మేరకు మిత్రులతో పంచుకొంటున్నాను. వైద్యులెవరైనా చదివితే ఈ పామరుణ్ణి మన్నింతురు గాక.

2006లో ఆ అబ్బాయికి ముప్పై ఏళ్ళు నిండలేదు. టెక్కలి వైపు గ్రానైటు క్వారీలో పని. ఉన్నట్టుండి చిక్కిపోయాడు. ఎడమ డొక్కలో ఏదో బరువు అనేవాడు. విశాఖపట్నంలో పరీక్షలు చేసి, దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యూకీమియా, అనగా ఒక రకం రక్త క్యాన్సర్ అన్నారు. రోజూ వేసుకోవలసిన బిళ్ళ ఒకటి రాశారు. పేరు ఇమాటినిబ్. ఆ బిళ్ళ వెనుక ఉన్న కథ ఒక ఎలుకతో మొదలవుతుంది.

1970లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో హెర్బర్ట్ ఏబెల్సన్, లూయీజ్ రాబ్‌స్టీన్ అనే పరిశోధకులు ఎలుకలకు మందిచ్చి థైమస్ గ్రంథిని అణచివేసి, ఆపైన ఒక వైరస్‌ను ఎక్కించారు. ఒక ఎలుకలో వారు ఎదురుచూడని లింఫోమా, అంటే శోషరస కణాల క్యాన్సర్, పుట్టింది. దాని నుండి తీసిన వైరస్ కొత్తది. పాత వైరస్ ఎలుక జన్యువొకదాన్ని తనలో కలుపుకొని అలా మారిందని తరువాత తేలింది. ఏబెల్సన్ పేరు మీదనే ఆ జన్యువు ‘ఏబుల్’ అయినది. అది మనిషిలోనూ ఉన్నది, 9వ క్రోమోజోము మీద.

ఈ జన్యువు తయారుచేసే ప్రోటీను కణంలో వార్తాహరుని వంటిది. ఇతర ప్రోటీనుల మీద ఫాస్ఫేటు ముద్ర వేసి ‘ఎదుగు, విభజన చెందు’ అన్న కబురు ముందుకు పంపుతుంది. ఎలుక వైరస్‌లోని ప్రోటీను ఆ ముద్రను టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద వేస్తుందని 1980లో ఓవెన్ విట్టే, డేవిడ్ బాల్టిమోర్ల బృందం చూపింది. ఆరోగ్యవంతుని కణంలో ఈ వార్తాహరుడు పిలిచినప్పుడే లేస్తాడు, పని కాగానే ఊరకుంటాడు.

ఇక్కడ మనవాడొకడు వస్తాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది అమెరికా వెళ్ళిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. 1982లో మానవ మూత్రాశయ క్యాన్సర్ కణాల నుండి తీసిన రాస్ అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడమే అనర్థానికి మూలమని ఆయన బృందమూ, మరి రెండు బృందాలూ దాదాపు ఏకకాలంలో నిరూపించాయి. మరుసటి ఏడు, 1983లో, ఆయన బృందం ఏబెల్సన్ వైరస్ జన్యుపాఠాన్ని మొదటి నుండి చివరి దాకా చదివి ప్రకటించింది. వేరు వేరు తాళపత్రాలను పక్కపక్కన పెట్టి ఇవన్నీ ఒకే వంశపు ప్రతులని పరిష్కర్త గుర్తుపట్టినట్టుగా, ఏబుల్ పాఠానికీ క్యాన్సర్ కలిగించే మరికొన్ని జన్యువుల పాఠాలకూ గల పోలికను వారు చూపించారు. అవన్నీ టైరోసిన్ మీద ముద్ర వేసే కుటుంబమే.

మనిషి విషయంలో దారి మరొక వైపు నుండి వచ్చింది. 1960లో ఫిలడెల్ఫియాలో నొవెల్, హంగర్‌ఫర్డ్ ఈ రక్త క్యాన్సర్ రోగుల కణాలలో అసాధారణంగా పొట్టిదైన క్రోమోజోమును చూశారు. 1973లో జానెట్ రౌలీ అది 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకొనగా ఏర్పడిందని చెప్పారు. 1982లో ఆ మారిన ముక్కలో ఉన్నది మన ఏబులే అని తేలింది. అది 22వ క్రోమోజోము మీది బీసీఆర్ అనే జన్యువుతో అతుక్కొంటుంది.

నా వంటి వాడికి ఇది సంధి. పూర్వపదం తోక పోయింది, పరపదం తల పోయింది, మిగిలినవి రెండూ కలిసి ఒకే పదమైనవి. పోయిన ఆ తలలోనే వార్తాహరుణ్ణి అదుపులో ఉంచే కళ్ళెం ఉన్నది. అతుక్కొన్న బీసీఆర్ ముక్క ఆ ప్రోటీనులను ఒకదానితో ఒకటి జత కట్టించి నిరంతరం మేలుకొని ఉండేటట్లు చేస్తుంది. ఇక తెల్ల కణాలు పెరుగుతూనే ఉంటాయి. ఎలుకలో లింఫోమాకూ, మనిషిలో ఈ రక్త క్యాన్సర్‌కూ మూలం అదుపు తప్పిన ఈ ఏబులే.

ఏమి ఆపాలో తెలిసిన తరువాత ఆపే మందు కోసం వెదికారు. నికొలస్ లైడన్, బ్రయన్ డ్రూకర్ మొదలైనవారి కృషితో వచ్చిన ఇమాటినిబ్‌ను 1998లో రోగులకు ఇచ్చి చూశారు. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకొన్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క సరియైన స్థితికి వచ్చింది. 2001 మే నెలలో అమెరికా ఆమోదించింది.

ఇక ధర. నోవార్టిస్ వారి మందు నెలకు సుమారు లక్షా ఇరవై వేలు, భారతీయ కంపెనీలది ఎనిమిది నుండి పది వేలు అని ఆనాటి పత్రికల లెక్క. హైదరాబాదు నాట్కో ఫార్మా 2003లో ‘వీనాట్’ పేరుతో విడుదల చేసింది. ఆ ఏడాది చివర నోవార్టిస్‌కు ప్రత్యేక విక్రయ హక్కులు దక్కగా దేశీయ తయారీకి ఆటంకం కలిగింది. 2006 జనవరిలో చెన్నై కార్యాలయం పేటెంటును నిరాకరించింది. నోవార్టిస్ న్యాయస్థానాలకు వెళ్ళింది. తెలిసిన పదార్థానికి కొత్త రూపమిస్తే చాలదు, గుణం పెరిగినట్టు చూపాలన్న 3(డి) సెక్షను మీద వాదం ఏడేళ్ళు సాగింది.

ఆ ఏడేళ్ళూ మా వాడు బ్రతికినది ఆ బిళ్ళ మీదనే. పదివేలు కూడా చిన్న మాట కాదు. ఉన్న అరెకరమూ అమ్మి, అప్పు చేసి గడిపారు. అది లక్ష అయితే? ఒకసారి నన్నే అడిగాడు: “ఏటి మాస్టారూ, కోర్టోలు ఆపేత్తే మన గతేటండీ?” వ్యాకరణంలో ఏ సందేహానికైనా సమాధానం చెప్పగలిగిన నేను ఆనాడు తల వంచుకొన్నాను.

2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ అప్పీలును కొట్టివేసింది. మరునాడు పత్రిక పట్టుకొని వాళ్ళ ఇంటికి వెళ్ళి నేనే చదివి వినిపించాను. అంతా విని, “అయితే ఇక బయం లేదన్నమాట” అని మాత్రం అన్నాడు. వాళ్ళమ్మ పైట చెంగుతో కళ్ళు తుడుచుకొన్నది.

ఈ మందు అందరికీ పనిచేయదు. కొందరిలో జన్యువు అక్షరం మళ్ళీ మారి మందుకు లొంగదు. మా వాడు అదృష్టవంతుడు. మొన్న కొత్తమ్మ తల్లి జాతరలో కూతురిని వెంటబెట్టుకొని కనిపించాడు. రాత్రి భోజనం చేసి బిళ్ళ వేసుకోవడం ఇప్పటికీ తప్పదట.

ఎలుక గడ్డలోని పాఠాన్ని అక్షరం వెంట అక్షరం చదివినవారికి కోటబొమ్మాళి అనే ఊరున్నదని తెలియదు. ‘ఇవి చదివితే ఏం లాభం మాస్టారూ?’ అని ఏ పిల్లవాడైనా అడిగితే, నేనిప్పుడు ఈ కథ చెబుతున్నాను.