అడ్డపొగ నేర్పిన వైద్యం

విశాఖపట్నం, శ్రీకాకుళం తీరపు పల్లెల్లో చుట్టను తిరగేసి కాల్చేవారు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి పొగ పీల్చేవారు. దానికి అడ్డపొగ అని పేరు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలోనే ఈ అలవాటు ఎక్కువ. తల్లిని చూసి కూతురు నేర్చుకునేది.

బయటివాళ్లకు ఇది వింతగా తోచినా, దీని వెనక ఒక బతుకు లెక్క ఉంది. సముద్రపు గాలికి మామూలు చుట్ట ఆరిపోతుంది, నోట్లో ఉన్న నిప్పు ఆరదు. ఉమ్ముకు తడిసి మెల్లగా కాలుతుంది కాబట్టి ఒక్క చుట్టే చాలాసేపు వస్తుంది. వల లాగుతున్నా, నీళ్లు మోస్తున్నా చేతులకు అడ్డం రాదు. తాటాకు ఇంట్లో నిప్పురవ్వ రాలదు. బూడిదను కొందరు ఉమ్మేసేవారు, కొందరు మింగేసేవారు.

దెబ్బంతా అంగిలికే తగిలేది. ఇలా కాల్చేటప్పుడు నోటిలోని గాలి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కగలదు. ఇతర ప్రాంతాల్లో గట్టి అంగిలికి కేన్సర్ రావడం అరుదు. ఈ తీరంలో మాత్రం వైద్యులకు అది తరచూ కనిపించేది. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో పనిచేసిన వి.ఆర్. ఖనోల్కర్ 1945లో, భారతీయుల వాడుకల నుంచి పుట్టే కేన్సర్ల గురించి రాస్తూ ధోవతి, ఖైనీల సరసన చుట్టనూ చేర్చారు.

అసలు లెక్క 1960ల చివర తేలింది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంతవైద్యుడు ఫాలీ మెహతా బృందం అయిదు జిల్లాల పల్లెలు తిరిగి 50,915 మంది నోళ్లు పరీక్షించింది. ఆ అయిదింటిలో శ్రీకాకుళం ఒకటి. అక్కడ చూసినవారిలో నూటికి 44 మంది దాకా అడ్డపొగ తాగేవారే.

కేన్సర్ ఒక్క రోజులో రాదని ఈ అంగిళ్లు కూడా చూపించాయి. పొగలోని విషాలు కణం లోపలి డీఎన్ఏకు అతుక్కుని, దాని రాతను చెడగొడతాయి. మామూలుగా కణం ఆ తప్పును దిద్దుకుంటుంది, దిద్దుకోలేకపోతే చచ్చిపోతుంది. రోజూ కాలుతున్న చోట దిద్దుబాటు వెనకబడుతుంది. పైపొర మందమై తెల్లబడుతుంది, మధ్యలో ఎర్రటి చుక్కలు లేస్తాయి, పుండ్లు పడతాయి. మరిన్ని తప్పులు పోగైన కణం అదుపు తప్పి పెరుగుతుంది. తెల్లమచ్చకూ కేన్సర్‌కూ మధ్య ఏళ్లకేళ్ల గడువు ఉండవచ్చు. చాలా మచ్చలు కేన్సర్ దాకా పోనే పోవు.

ఆ గడువులో వెనక్కి మళ్లడం సాధ్యమేనా? 1977లో మొదలైన ఒక అధ్యయనం శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవారిని ఏళ్ల తరబడి కలిసి, అలవాటు మానమని నచ్చజెప్పింది. మానినవారిలో, తగ్గించినవారిలో కొత్త మచ్చలు పుట్టడం తగ్గింది. 

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ తిండి వైపు నుంచి వెతికింది. కమలా కృష్ణస్వామి బృందం, మచ్చలున్న అడ్డపొగ తాగేవారికి ఏడాదిపాటు విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం ఇచ్చింది. 1995లో వెలువడిన ఫలితాల ప్రకారం, పోషకాలు అందినవారిలో 57 శాతం మందికి మచ్చలు పూర్తిగా పోయాయి. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారిలో ఇది 8 శాతమే. నోటి పైపొర ఆరోగ్యానికి విటమిన్ ఎ, డీఎన్ఏ మరమ్మతుకు జింక్ అవసరం. పేదింటి కంచంలో ఇవి కరువైనప్పుడు పొగకు ఎదురు నిలిచే బలం కణానికి తగ్గుతుంది.

అలాగని మాత్రలను నమ్ముకోవడం ప్రమాదం. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్లపై జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో బయటికొచ్చాయి. ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. నిప్పు ఆర్పకుండా మాత్ర వేసుకుంటే చాలదన్నది ఈ వ్యాసకర్త గట్టి నమ్మకం.

2002లో శ్రీకాకుళం నుంచే వచ్చిన మరో అధ్యయనం రోజువారీ తిండిని లెక్కగట్టింది. ఆహారంలో జింక్ బాగా అందేవారిలో ఈ మచ్చలు తక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. జింక్ చేపల్లో, మాంసంలో, పప్పుల్లో దొరుకుతుంది.

అడ్డపొగ ఇప్పుడు తగ్గింది గానీ పోలేదు, ముసలివాళ్లలో ఇంకా ఉంది. వాళ్ల నోరు తెరిపించి అంగిలి మీద టార్చిలైటు వేస్తే మచ్చ కంటికి ఆనుతుంది. ఆ పని ఊరి ఆరోగ్య కేంద్రంలోనే జరగాలి.