జీరో కొట్టకపోతే ఆ నంబరుకి విలువ లేదు: టెలిగ్రాఫ్ తీగ నుంచి ఎన్‌బీఎన్ దాకా

ఫైబర్ పనిలో ఉన్నవాళ్ళకి లైట్ సోర్స్, పవర్ మీటర్ అంటే చేతిలో పట్టే రెండు డబ్బాలు. ఒక కొసన సోర్స్ వెలుగు పంపుతుంది. రెండో కొసన మీటర్ ఎంత చేరిందో చూపిస్తుంది. దారిలో పోయిందే లాస్. చూడ్డానికి ఇంతే. కానీ ఆ లాస్‌ని దేనితో పోల్చి చెప్పాలో తేల్చుకోడానికి మనుషులకి చాలా ఏళ్ళు పట్టింది. ఎపిసోడ్‌లో తొందరగా దాటేసిన ఆ భాగాన్ని ఇక్కడ కాస్త నిదానంగా రాస్తున్నాను.

1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన మొదటి టెలిగ్రాఫ్ కేబుల్ కొన్ని వారాలకే చచ్చిపోయింది. సిగ్నల్ సరిగా అందట్లేదని వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అనే ఆయన సుమారు 2,000 వోల్టులు ఎక్కించాడు. అసలే నాసిగా ఉన్న కేబుల్ ఆ దెబ్బ తట్టుకోలేదు. అదే కేబుల్ మీద విలియం థామ్సన్ వేరే దారి పట్టాడు. కరెంటు పెంచడం కాదు, వచ్చే కొంచెం కరెంటునే బాగా చూడాలి అన్నాడు. ఆయన గాల్వనోమీటర్‌లో చిన్న అద్దం ఉండేది. దాని మీద పడిన దీపం వెలుగు, కరెంటు వస్తే స్కేలు మీద పక్కకి జరిగేది. అప్పుడు కరెంటుని వెలుగుతో కనిపెట్టారు, ఇప్పుడు మన మీటర్ వెలుగుని కరెంటుగా మార్చి కొలుస్తోంది. తిరగేసిన పని అన్నమాట.

ఆ దెబ్బతో బుద్ధొచ్చి, కేబుల్‌ని ఫ్యాక్టరీలో, ఓడ మీద, వేశాక కూడా కొలవడం అలవాటు చేశారు. మీ ఓం, మా ఓం అని గొడవ పడకుండా రెసిస్టెన్స్‌కి అందరికీ ఒకే కొలత ఉండాలని 1861లో బ్రిటిష్ అసోసియేషన్ ఒక కమిటీ వేసింది.

ఇక ఆస్ట్రేలియా సంగతి. చార్లెస్ టాడ్ ఆధ్వర్యంలో పోర్ట్ ఆగస్టా నుంచి డార్విన్ దాకా సుమారు 3,200 కిలోమీటర్ల టెలిగ్రాఫ్ లైను 1872 ఆగస్టు 22న కలిసింది. దాదాపు 36,000 స్తంభాలు పాతారు. ఉత్తరాన చెక్క స్తంభాల్ని చెదలు తినేస్తే తర్వాత ఇనుపవి వేశారు. (మన ఏపీ ఫైబర్‌నెట్ కూడా కరెంటు స్తంభాల మీదే ఫైబర్ లాగింది. స్తంభం పాత పద్ధతే, తీగ మారింది.) సిగ్నల్ అంత దూరం ఒక్క ఊపున పోదు. అందుకే దారిలో రిపీటర్ స్టేషన్లు కట్టారు. అక్కడి ఆపరేటర్ చెవితో విని మళ్ళీ చేత్తో కొట్టి ముందుకి పంపేవాడు. అలాంటి స్టేషన్ చుట్టూ మొదలైందే ఆలిస్ స్ప్రింగ్స్.

విచిత్రం ఏంటంటే, నేల మీద లైను కలిసే వేళకి జావా నుంచి డార్విన్‌కి వచ్చే సముద్రపు కేబుల్ పాడైపోయి ఉంది. ఇక్కడ పని పూర్తయినా లండన్‌తో మాట అక్టోబరులో కేబుల్ బాగుపడ్డాకే కలిసింది. ఆ కాలంలో ఒడ్డు నుంచే రెసిస్టెన్స్ కొలిచి, తెగింది సుమారు ఎంత దూరమో లెక్కగట్టేవాళ్ళు. మైలుకి ఎన్ని ఓంలో ముందే రాసిపెట్టుకున్నారు కాబట్టే ఆ లెక్క తేలేది.

టెలిఫోన్ వచ్చాక అమెరికాలో లాస్‌ని "ఇన్ని మైళ్ళ స్టాండర్డ్ కేబుల్ అంత" అని చెప్పేవాళ్ళు. 1928 నాటికి దాని స్థానంలో డెసిబెల్ అన్న పేరు స్థిరపడింది. మనం డీబీ అంటున్నది అదే. 3 డీబీ పోతే సగం పోయినట్టు, 10 పోతే పదో వంతే మిగిలినట్టు, 20 పోతే నూరో వంతు. 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హామ్ గాజు పోగులో కిలోమీటరుకి 20 డీబీకి దిగితే చాలు, ఫోన్లకి పనికొస్తుందని రాసినప్పుడు అప్పటి గాజులో కిలోమీటరుకి వెయ్యి డీబీ దాకా పోయేది. మంచి గాజు ఉందని నిరూపించాలంటే మంచి కొలత కావాలి. కావో, తోటి పనివాడు జోన్స్ రెండు కిరణాల్ని పక్కపక్కన పోల్చే పరికరంతో స్వచ్ఛమైన సిలికా గాజుని కొలిచారు. నన్నడిగితే మన రిఫరెన్స్‌కి తాత అదే. 1970లో కార్నింగ్ కంపెనీ 20 కంటే తక్కువ లాస్ పోగు తీసింది. 1972లో మెల్‌బోర్న్‌లో సీఎస్ఐఆర్ఓ శాస్త్రజ్ఞులు సన్న గాజు గొట్టంలో టెట్రాక్లోరోఎథిలీన్ నింపి పోగు చేశారు. బట్టల డ్రైక్లీనింగ్‌లో వాడే ద్రవమే! లాస్ బాగానే తగ్గింది గానీ చివరికి గట్టి గాజే గెలిచింది.

2009లో ఎన్‌బీఎన్ పెట్టినప్పుడు చాలా ఇళ్ళకి నేరుగా ఫైబర్ అన్నారు. 2010లో టాస్మేనియాలో మొదలైంది. 2013లో ప్రభుత్వం మారాక ఎన్నో వీధుల్లో చివరి ముక్క పాత రాగి తీగే ఉంచేశారు. 2020లో మళ్ళీ ఆ వీధులకే ఫైబర్ తెస్తామన్నారు. ఒకే వీధికి రెండుసార్లు పని. దాని మంచిచెడ్డలు ఎవరివైనా, పిట్‌లోకి దిగేది మనవాళ్ళే, కాగితం మీద నంబరు చూపించి డబ్బు తీసుకోవాల్సిందీ మనవాళ్ళే.

అందుకే రిఫరెన్స్ మీద ఇంత పట్టు. ముందు సోర్స్‌నీ మీటర్‌నీ ఒక మంచి ప్యాచ్ కార్డ్‌తో కలిపి, కొసలు తుడిచి, జీరో కొట్టాలి. ఆ తర్వాత సోర్స్ దగ్గర కార్డ్ ఊడదీయొద్దు. ఊడదీసి పెడితే లోపలికి వెళ్ళే వెలుగు మారుతుంది, జీరో పోయినట్టే. మీటర్ వైపు ఊడదీసి, రెండో కార్డ్ పెట్టి లింక్ కొలవాలి. పది కిలోమీటర్ల సింగిల్ మోడ్ పోగుకి 1310 దగ్గర సుమారు 3.5 డీబీ, నాలుగు స్ప్లైస్‌లకి 0.4, రెండు కనెక్టర్లకి 1 అనుకుంటే ఐదు లోపు రావాలి. మైనస్ లాస్ చూపిస్తే సంతోషపడకండి. గాజు వెలుగుని పుట్టించదు. మురికి కార్డ్‌తో జీరో కొట్టారని అర్థం. 1310 బాగుండి 1550 మాత్రం ఎక్కువ పోతుంటే ఎక్కడో పోగు గట్టిగా వంగింది. ముందు పిట్‌లో చుట్ట చూడండి. ఆ వెలుగు కంటికి కనబడదు, కొస వైపు కన్ను పెట్టొద్దు.

నేను సూపర్‌వైజర్‌గా ఉన్న ఒక సైట్‌లో కాంట్రాక్టర్ లాస్ ఎక్కువుందని ఒక తెలుగు కుర్రాడి బిల్లు ఆపాడు. రెండో టీమ్ జీరో కొట్టిన కార్డ్ ఒకటి, కొలిచిన కార్డ్ ఇంకోటి. మళ్ళీ పద్ధతిగా కొలిస్తే లాస్ లెక్కకి సరిపోయింది. కుర్రాడి ఫోన్‌లో తన రిఫరెన్స్ ఫోటో, తేదీ, మీటర్ సీరియల్ నంబరు ఉన్నాయి కాబట్టి వాదన అరగంటలో ముగిసింది. బిల్లు మాత్రం మూడు వారాల తర్వాత పాసైంది.

ఒక కొస నుంచే తెగిన చోటు చూపించే ఓటీడీఆర్ గురించి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడదాం. డార్విన్ ఒడ్డున చేసిన లెక్కకి అది దగ్గరి చుట్టం.