పాత తుపాకి పళ్లు

సంతలో ఎద్దును కొనబోవు రైతు ముందుగా దాని పళ్లు పట్టి చూచును. పిమ్మట నాలుగడుగులు నడిపించి చూచును. కొమ్ములకు పూసిన రంగును చూచి మోసపోడు. అమెరికా దేశమున గురికాల్పు క్లబ్బులలో ఒకరు వాడిన తుపాకిని కొనబోవువాడును ఇట్లే చేయవలసియున్నది. అయితే ఎద్దు పళ్లు ఎక్కడనుండునో రైతు ఎరుగును. ఒక తూటా పేలగానే మరియొక తూటాను తనంతట తానే ఎక్కించుకొను షాట్‌గన్‌కు పళ్లు ఎక్కడ? ఈ ప్రశ్నకు సమాధానము ఆ తుపాకి చరిత్రలోనే కలదు. దానిని శ్రోతలకు సంగ్రహముగా మనవి చేయుదుము.

ముందుగా ఆటను గూర్చి. 'ట్రాప్' అనగా బోను. పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగమున ఇంగ్లండులో బ్రతికియున్న పావురమును పెట్టెలో ఉంచి, త్రాడు లాగి మూత తెరచి, పైకెగిరిన పక్షిని కాల్చుట ధనికులకు వినోదముగా ఉండెను. పందెములును సాగుచుండెను. ఆ పెట్టె పేరే ఆటకు పేరైనది. 1831 నాటికి ఇది అమెరికాలో సిన్సినాటి నగరమునకు చేరినది. 1866లో బోస్టన్ నగరమున పావురమునకు బదులు గాజు బంతిని ఎగురవేయు పద్ధతి వచ్చినది. సుప్రసిద్ధుడైన గురికాడు ఆడం బొగార్డస్ ఆ బంతులను విసరు యంత్రమును మెరుగుపరచెను. పగిలిన గాజు పొలములనిండ పరచుకొనుట ఒక బాధ. అందువలన 1880లో సిన్సినాటికే చెందిన జార్జ్ లిగౌస్కీ మట్టి బిళ్లకు పేటెంటు పొందెను. పక్షి వలె అది గాలిలో తేలుచు పోవును. నేడు ఆ బిళ్లలు సున్నపురాతి పొడిని కీలుతో కలిపి చేయబడుచున్నను, 'మట్టి పావురము' అను పేరు మాత్రము నిలిచియున్నది.

పక్షి ఒక్కనాటితో విముక్తి పొందలేదు. 1900 నాటి పారిస్ క్రీడలలో సైతము బ్రతికియున్న పావురములను కాల్చిరి. అదే సంవత్సరమున న్యూయార్కులో అమెరికావారి ప్రధానమైన పోటీ తొలిసారిగా మట్టి బిళ్లలతో జరిగినది. బ్రిటనులో బంధించిన పక్షులను వదలి కాల్చు వినోదమును 1921లో చట్టముచే నిషేధించిరి. మట్టి బిళ్ల చౌక. కావున ఆట ప్రభువుల తోటల నుండి సామాన్యుల మైదానములకు దిగినది. దానితోనే కాల్చు తూటాల సంఖ్యయు పెరిగినది. ఇరువదియైదు బిళ్లలు ఒక వరుస. నాలుగు వరుసలైన నూరు. నూరుమార్లు భుజముపై దెబ్బ!

ఇక్కడ తుపాకి చరిత్ర ఆట చరిత్రతో కలియుచున్నది. తూటా ముందుకు పోవుచు తుపాకిని వెనుకకు తన్నును. అది ప్రకృతి నియమము. ఈ వెనుదన్నును వృథాగా పోనీయక, దానితోనే పేలిన తూటాను బయటికి నెట్టి కొత్త తూటాను ఎక్కించు షాట్‌గన్‌ను యూటా రాష్ట్రమునకు చెందిన జాన్ బ్రౌనింగ్ నిర్మించెను. దీనికి 1900లో పేటెంటు లభించినది. అంతవరకు తన తుపాకులను కొనుచుండిన విన్‌చెస్టర్ సంస్థను ఈమారు ఆయన అమ్మకముపై వాటా కోరెను. వారు నిరాకరించిరి. పిమ్మట రెమింగ్టన్ సంస్థకు పోయెను. 1902 జనవరి 8వ తేదీన ఆయన కార్యాలయమున వేచియుండగా, అధ్యక్షుడు మార్సెలస్ హార్ట్‌లీ ఆకస్మికముగా గుండెపోటుతో మరణించినట్లు తెలిసినది. బ్రౌనింగ్ ఓడయెక్కి బెల్జియమునకు పోయెను. లీజ్ నగర సమీపమునగల కర్మాగారమున 'ఆటో-5' అను ఆ తుపాకి పుట్టినది. 1905లో రెమింగ్టన్ సంస్థయు అనుమతి పొంది అమెరికాలో దానిని తయారుచేసెను.

దాని పని తీరు గమనింపదగినది. పేలినప్పుడు గొట్టమే వెనుకకు జరుగును. దాని వేగమును అరికట్టుటకు తూటాల గొట్టము చుట్టును స్ప్రింగు, కంచు పట్టు, ఉక్కు కడియము ఉన్నవి. బరువైన తూటాలకు కడియమును కంచు పట్టునకు ఆనించి అమర్చవలెను. తేలిక తూటాలకు దానిని స్ప్రింగునకు వెనుక ఉంచవలెను. ఈ వరుస తప్పినచో తేలిక తూటా తుపాకిని నడుపజాలదు. బరువైన తూటా గొట్టమును దబ్బున వెనుకకు కొట్టును. భుజము నొచ్చును, ముందరి చేతికొయ్య బీటలు వారును. కావున ఆటో-5ను కొనబోవువాడు చేతికొయ్యను తీసి చూపుమని అడుగవలెను. ఇదియే మొదటి పన్ను.

1963లో రెమింగ్టన్ సంస్థ '1100' అను నమూనాను వెలువరించెను. ఇందులో గొట్టము కదలదు. గొట్టమునకు పొడిచిన సన్నని రంధ్రముల గుండ కొంత వాయువు వచ్చి యంత్రమును నడుపును. వెనుదన్ను మొత్తము తగ్గదు గాని, ఒక్క దెబ్బగా కాక కొంత కాలముపై పరచుకొని వచ్చును. అందువలన భుజమునకు మెత్తగా తోచును. శ్రోతలు ఒక విశేషమును గుర్తింపవలెను. అమెరికావారి సాధారణ ట్రాప్ పోటీలో ఒక్కొక్క బిళ్లకు ఒక్క తూటాయే. రెండవ తూటా తనంతట ఎక్కుటతో ప్రయోజనమే లేదు. వేటకాని వేగము కొరకు పుట్టిన యంత్రము ఇక్కడ మెత్తదనము కొరకు ఆదరింపబడినది.

ఈ మెత్తదనము సుఖము కొరకు మాత్రమే కాదు. ఏండ్ల తరబడి దెబ్బలు తిన్న గురికానికి, మీట నొక్కబోవు క్షణమున ఒడలు తనకు తెలియకయే ఉలికిపడును. గురి తప్పును. ఎందరో మంచి గురికాండ్రు ఈ జాడ్యము వలన ఆట మానిరి. పాత తుపాకిని కొనువాడు తన భుజమును పణముగా పెట్టుచున్నాడనుట అతిశయోక్తి కాదు.

కావున 1100లో చూడవలసిన పన్ను వేరు. వాయువు బయటికి పోకుండ కాపాడు చిన్న రబ్బరు వలయము చిట్లినదా? రంధ్రములలో మసి పేరుకొన్నదా? మడమ కొయ్యలోని స్ప్రింగు త్రుప్పు పట్టినదా? రబ్బరు వలయము స్వల్పపు వెలకు దొరకును. గొట్టమునకు పడిన సొట్ట అట్లు కాదు. వెలుతురునకు ఎదురుగా పట్టి లోపల నీడలు చూడవలెను. అంతకు ముందుగా తుపాకి ఖాళీగా ఉన్నదని స్వయముగా నిశ్చయించుకొనవలెను. కొత్తగా వేసిన నల్లపూత కొమ్ములకు పూసిన రంగు వంటిదే. సంఖ్యయు చూడవలెను. అమెరికాలో ప్రతి తుపాకికి సంఖ్య ఉండవలెనని విధించినది 1968 చట్టము. అంతకు పూర్వపు తుపాకులు కొన్ని సంఖ్య లేకయే ఉండవచ్చును గాని, చెరిపివేయబడిన సంఖ్య నేరమునకు గుర్తు. కడపట పొరుగువానిని మరువరాదు. ఈ తుపాకి పేలిన తూటాను కుడిప్రక్కకు విసరును. దానిని పట్టి నిలుపు చిన్న పరికరమును అమర్చుకొనుట మర్యాద.

మన దేశమున ఈ ఆట చాలమందికి పరోక్షమైనను అపరిచితము కాదు. బికనీరు మహారాజు కర్ణీసింగ్ 1962లో కైరో నగరమున ప్రపంచ పోటీలలో ట్రాప్‌నందు రజత పతకము గెలిచెను. 2016లో రియో ఒలింపిక్ క్రీడలలో హైదరాబాదు వాసి కైనాన్ చెనాయ్ ఇదే ఆటలో పాల్గొనెను. ఒలింపిక్ పద్ధతిలో బిళ్లకు రెండు తూటాలు అనుమతింతురు గనుక, అక్కడ ఒకదానిపై ఒకటిగా రెండు గొట్టములుగల తుపాకికే ప్రాధాన్యము. మనకు 1959 నాటి ఆయుధముల చట్టము కలదు. లైసెన్సు లేనిదే పాతదైనను కొత్తదైనను తుపాకిని కొనరాదు.

రైతు పళ్లు చూచిన పిమ్మట ఎద్దును నడిపించి చూచుననియు మొదట చెప్పితిమి. తుపాకిని కొనువాడును సొమ్ము చెల్లింపక ముందే, యజమాని సమ్మతితో, క్లబ్బు మైదానమున, తాను పోటీలో వాడబోవు తూటాలతోనే ఒక వరుస కాల్చి చూడవలెను. ఇరువదియైదు తూటాలు తడబాటు లేక వెడలి, ఇరువదియారవ దానికి భుజము జంకకున్నచో, అప్పుడు బేరమాడవచ్చును.